ఖరాబు నోట్లు

శుక్రవారం ఉదయం పదీ ఇరవైకి గుండ్లకుంట మినీ బ్యాంకులో ఇరవై రెండు దొంగ నోట్లు దొరికాయి. పదీ నలభై అయిదుకు దొంగ దొరికాడు. పదకొండుంబావుకు ఆ దొంగ నేరం ఒప్పుకున్నాడు. పదకొండున్నరకు సీఐ అమరేందర్ విలేఖరులందరికీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టేశాడు. "సాయంత్రం నాలుగింటికి ప్రెస్ మీట్. నకిలీ నోట్ల ముఠా గుట్టు రట్టు."

ఇంత వేగంగా ఆ స్టేషన్‌లో అంతకుముందు ఏ పనీ జరగలేదు. పోయిన మోటార్ సైకిల్ కోసం ఒకాయన ఏడాదిగా చెప్పులరిగేలా తిరుగుతూనే ఉన్నాడు.

స్టేషన్ ఎస్సై స్వర్ణ హైదరాబాద్‌లో రెండు రోజుల ట్రైనింగ్ ముగించుకుని పదకొండూ నలభైకి జీపు దిగింది. గేటు ముందు ఒక ముసలమ్మ నేలమీద కూర్చుని ఉంది. పక్కనే నీడ ఉన్నా ఎండలోనే కూర్చుంది.

"ఎవరవ్వా నువ్వు? లోపలికి రా."

"రాను. మా ముసలోన్ని ఇడిస్తేనే లేస్త."

లోపల హెడ్ కానిస్టేబుల్ నర్సింహ సెల్యూట్ కొట్టాడు. ముఖం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

"పెద్ద కేసు మేడం! ముఠా దొరికింది."

"ఏది ముఠా?"

నర్సింహ లాకప్ వైపు చెయ్యి చూపించాడు. ఊచల వెనక అరవై అయిదేళ్ల ముసలాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. అంత ఉక్కపోతలోనూ భుజాల నిండా గొంగడి కప్పుకున్నాడు. ముఠా మొత్తం ఆయనొక్కడే.

స్వర్ణ ఫైలు తెరిచింది.

పేరు పర్వతాలు. వృత్తి గొర్రెల పెంపకం. గురువారం అంగట్లో ఆరు గొర్రెలు అమ్మాడు. యాభై నాలుగు వేలు వచ్చాయి. అన్నీ ఐదు వందల నోట్లే, మొత్తం నూట ఎనిమిది. భార్య బీరమ్మ మోకాలి ఆపరేషన్‌కు ఖాతాలో వేసుకుందామని శుక్రవారం పొద్దున మినీ బ్యాంకుకు తెచ్చాడు. అసలు బ్యాంకు పద్నాలుగు కిలోమీటర్ల దూరం. మినీ బ్యాంకంటే విజేందర్ అనే ఏజెంటు నడిపే ఒక షట్టరు గది. ఒక కంప్యూటరు, వేలిముద్ర మిషను, కౌంటర్ కింద నోట్లు లెక్కపెట్టే మిషను. విజేందర్ కట్ట తీసుకుని కిందికి వంగి మిషన్‌లో పెట్టాడు. లేచి, ఇరవై రెండు నోట్లు దొంగవన్నాడు. వరుసలో నిలబడ్డ పంచాయతీ కార్యదర్శి వెంటనే వందకు ఫోన్ కొట్టింది.

చివరి పేజీలో వాంగ్మూలం ఉంది. "సదరు నోట్లు నకిలీవని నాకు ముందే తెలుసు. తెలిసియే బ్యాంకుకు తెచ్చితిని." కింద నీలి వేలిముద్ర.

స్వర్ణ ఆ ముద్ర వంక చూస్తూ ఉండిపోయింది. ఆమె తల్లి పుల్లమ్మ హాలియా పొలాల్లో నాట్లు వేసి, కలుపు తీసి, ఇలాంటి ముద్రలు ఎన్ని కాగితాల మీద వేసిందో లెక్కలేదు. ఏ కాగితంలో ఏముందో ఒక్కరూ చదివి చెప్పిన పాపాన పోలేదు. ఆ కోపం స్వర్ణకు యూనిఫాం కంటే పాతది.

ఫోన్ మోగింది. సీఐ.

"స్వర్ణా, వచ్చినవా? నాలుగింటికి ప్రెస్ మీట్. నాలుగున్నరకు రిమాండ్‌కు పంపాలె. పేపర్లు రెడీ పెట్టు."

"సార్, గొర్రెలు కాసుకునే మనిషి సార్ ఆయన."

"గొర్రెలు కాసేటోడు దొంగ నోట్లు మార్వొద్దని రూలున్నదా? ఒప్పుకున్నడు గదా!"

"నాలుగింటి దాక టైమియ్యండి సార్."

"నాలుగింటి దాక నీ కేసు. నాలుగైతే నాది."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట మరొకడు. సీఐకి ప్రమోషన్ల లిస్టు దగ్గర పడింది మరి. ముసలాయన మాత్రం నాలుగున్నరకు జైలు బండి ఎక్కాలి. ఒకసారి దొంగ నోట్ల కేసులో పేరు పడితే, ఆ తర్వాత అంగట్లో ఆయన చేతి నోటు ఎవరు ముట్టుకుంటారు?

పన్నెండూ అయిదుకు స్వర్ణ పర్వతాలును బయటికి పిలిపించింది. కుర్చీ వేయించింది. కూర్చోనన్నాడు. కూర్చోబెట్టింది. అతను వీపు ఆనించకుండా అంచు మీద కూర్చున్నాడు.

"పెద్దయ్యా, నోటు మంచిదో దొంగదో నీకెట్ల తెలుస్తది?"

"సదువు రాదు గని, చెయ్యికి తెలుస్తది మేడం."

స్వర్ణ తన పర్సులోంచి ఒక ఐదు వందల నోటు తీసింది. సీజ్ చేసిన ఇరవై రెండింట్లోంచి ఒకటి తీసింది. కళ్లు మూసుకోమని, రెండూ అతని చేతిలో పెట్టింది.

పర్వతాలు బొటనవేలి గోటిని మొదటి నోటు అంచు మీద మెల్లగా నడిపాడు.

"ఐదు నూర్ల నోటుకు అంచుల ఐదు గీతలుంటయి. వంద నోటుకు నాలుగు. గోరు పెడితే ఎత్తుగ తాకుతయి. ఇది మంచిది." రెండోది తడిమాడు. గోరు ఎక్కడా ఆగకుండా జారిపోయింది. "ఇది సాఫుగున్నది. గీతలు బొమ్మగీసిన్రు గని లేవలే. దొంగది."

"బీరమ్మకు గూడ తెలుస్తదా?"

"ఆమె నాకంటె హుషారు. నోటును ఎండల అటు ఇటు వంచుతది. నడిమిట్ల తీగ పచ్చంగున్నది నీలంగ మారాలె. మారకపోతే మొకాన కొడ్తది."

స్వర్ణ పది నోట్లు కలిపి ఇచ్చింది. పదింటికి పదీ సరిగ్గా చెప్పాడు.

నర్సింహ గొంతు సవరించుకున్నాడు. "మరి గదే గద మేడం. గింత తెలిసినోడు, దొంగవని తెల్వకుండ బ్యాంకుకు తెస్తడా? అందుకే ఒప్పుకున్నడు."

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే స్వర్ణకు మరింత మంటెత్తింది.

"పెద్దయ్యా, అంగట్ల ఈ పైసలు తీసుకున్నప్పుడు తడిమి చూసినవా?"

"అన్ని చూసిన. నూటెనిమిది. ఒక్కటి గూడ దొంగది లేకుండె."

"మరి పోలీసోళ్లు అడిగితే తెలుసని ఎందుకన్నవ్?"

"తెలుసు గాబట్టే తెలుసన్న. ఖరాబు నోట్లే అవి. అబద్ధమెందుకు చెప్త?"

స్వర్ణ చేతిలో పెన్ను ఆగింది.

"నిన్ను ఏమని అడిగిన్రు? ఉన్నదున్నట్టు చెప్పు."

"'ఈ ఖరాబు నోట్లు నీవేనా?' అన్నడు ఈ సారు. నావే అన్న. 'ఖరాబని తెలిసే తెచ్చినవా?' అన్నడు. తెలిసే తెచ్చిన అన్న. బస్సుల కండక్టరు ఒల్లడు, దుకాణపోడు ఒల్లడు. ఖరాబు నోటు మాకొద్దంటరు. బ్యాంకోళ్లన్న తీసుకుంటరేమో అని తెచ్చిన. తప్పే. ఒప్పుకున్న."

"ఖరాబంటే? ఏమైంది వాటికి?"

పర్వతాలు ఆమె వంక వింతగా చూశాడు. ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా విడమరిచి చెప్పాలా అన్నట్టు.

"జాజు అంటింది గద మేడం. గొర్రెల మీద ఏసే ఎర్రరంగు."

నర్సింహ నుదురు తుడుచుకున్నాడు.

"నేను దొంగ నోట్లనే అర్థంల అడిగిన మేడం. విజేందర్ గదే మాట అన్నడు, ఖరాబు నోట్లు దొరికినయని..."

"అడిగేటప్పుడు ఖరాబు. రాసేటప్పుడు నకిలీ."

"రాతల గట్లనే రాస్తం గద మేడం."

స్వర్ణ నోరు తెరిస్తే బజారు దాకా వినపడేది. ఇరవై రెండు దొంగ నోట్లూ టేబుల్ మీద పరిచి, ముందూ వెనకా తిప్పి చూసింది. తర్వాత రెండో కవరు విప్పించి, మిగతా ఎనభై ఆరు నోట్లనూ ఒక్కొక్కటిగా చూసింది. పది నిమిషాలు పట్టింది. రెండు కవర్లకూ మళ్లీ సీలు వేయించింది.

"నీ గొర్రెలు కొన్నదెవరు పెద్దయ్యా?"

"నకిరేకల్ కురుమయ్య. ఈ తాప అంగట్ల నా ఆరే కొన్నడు. ఇంకెవ్వరియి బేరం కుదరలే."

స్వర్ణ ఫోన్ అందుకుంది.

ఒంటిగంటా ఇరవైకి ఆమె మినీ బ్యాంకులో ఉంది. విజేందర్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. కూల్‌డ్రింక్ తెప్పిస్తానన్నాడు. వద్దంది.

"పొద్దుగాల నుంచి పైసలు కట్టినోళ్లెంతమంది?"

"ఐదుగురు మేడం."

"గొర్రెలమ్మినోళ్లు ఎంతమంది?"

"ఆ ముసలోడొక్కడే. కడమ నలుగురు దుకాణాలోళ్లు. పేర్లన్నీ కంప్యూటర్ల ఉన్నయి."

"పర్వతాలు తెచ్చిన నోట్లెక్కడ?"

"నూటెనిమిదీ మీ వాళ్లకు అప్పజెప్పిన. పంచనామా మీద సంతకం గూడ పెట్టిన."

"ఒక్క నోటన్న నీ గల్లాల కలిసిందా?"

"ఒక్కటి గూడ కలవలే. కావాలంటే ప్రమాణం చేస్త."

"ప్రమాణం వద్దు. రాసియ్యి."

విజేందర్ రాసిచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. కింద సంతకం, తేదీ, టైము. ఒకటీ ముప్పై అయిదు.

"ఇంతకుముందు గూడ దొంగ నోట్లు దొరికినయా?"

"అప్పుడిన్ని అప్పుడిన్ని దొరుకుతయి. పాపం పేదోళ్లు గద, కేసులెందుకని వాపస్ ఇచ్చేస్త. ఇంటికి పోయి కాలబెట్టుకోమంట."

తన దయకు తనే మురిసిపోతూ నవ్వాడు. దొంగ నోటు దొరికితే ముద్ర కొట్టి, రసీదు ఇచ్చి, తమ దగ్గరే ఉంచుకోవాలని, తెచ్చినవాడికి తిరిగి ఇవ్వకూడదని బ్యాంకుల్లో అటెండర్‌కు కూడా తెలుసు.

"ఎంతమందికి ఇచ్చినవ్ గట్ల?"

"యాదికి లేదు మేడం."

రెండూ పదికి హోంగార్డు కోమల మామూలు నేత చీరలో, చేతిలో కూరగాయల సంచితో అదే మినీ బ్యాంకు మెట్లెక్కింది. మిషను మీద వేలు పెట్టి, తన ఖాతాలోంచి ఆరు వేలు తీసుకుంది. నోట్లు లెక్కపెట్టుకోకుండానే కవర్లో వేసి, మెట్ల కింద ఇద్దరు సాక్షుల ముందు అంటించేసింది.

మూడూ ఇరవైకి ఎస్సై గది నిండిపోయింది.

సీఐ అమరేందర్ కొత్త యూనిఫాంలో వచ్చి పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. సాక్షి సంతకం కోసమని పిలిస్తే విజేందర్ వచ్చాడు. నకిరేకల్ నుంచి మోటార్ సైకిల్ మీద కురుమయ్య వచ్చాడు. పర్వతాలు గోడవారగా నిలబడ్డాడు. బీరమ్మను స్వర్ణే గేటు దాకా వెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. విలేఖరులు బయట చెట్టుకింద టీ తాగుతున్నారు.

"తొందరగ కానియ్యి," అన్నాడు సీఐ వాచీ చూసుకుంటూ.

స్వర్ణ కురుమయ్య వైపు తిరిగింది. "నీ ఎడమచెయ్యి చూపెట్టు."

కురుమయ్య బొటనవేలు పైకెత్తాడు. గోటి సందుల్లో ఎరుపు ఇంకా పోలేదు. వేలి మధ్యలో అడ్డంగా ఒక లోతైన గాటు. చిన్నప్పుడు కొడవలి తగిలి తెగిందట.

"బేరం కుదిరినంక ఏం చేస్తవ్?"

"గొర్రె నడుము మీద జాజుముద్ర ఏస్త. చెయ్యి కడుక్కోకుండ అదే వేలుతోని పైసలు లెక్కబెట్టి ఇస్త. ముద్ర పడ్డ గొర్రె నాది, ముద్ర పడ్డ నోటు నీది. రేపు నువ్వు గొర్రె వాపస్ అడగొద్దు, నేను పైసలు వాపస్ అడగొద్దు. మా నాయిన కాలం నుంచి గిదే లెక్క."

"కొన్ని నోట్లకేనా, అన్నింటికా?"

"ముద్ర లేకుండ నా చేతుల నుంచి నోటు పోదు మేడం. ఈ పక్కన తెల్లగున్న జాగల, ఒక్కొక్కదానికి."

స్వర్ణ ఎనభై ఆరు నోట్ల కవరు విప్పింది. వరుసగా పరిచింది. ప్రతి నోటు మీదా తెల్లటి జాగాలో ఎర్రటి వేలిముద్ర. ప్రతి ముద్రలోనూ మధ్యన గాటు పడిన చోట అడ్డంగా తెల్ల గీత. తర్వాత ఇరవై రెండు దొంగ నోట్లు పరిచింది.

శుభ్రంగా ఉన్నాయి. ఒక్క ఎర్ర చుక్క లేదు.

"పొద్దుటి నుంచి అందరం ఈ నోట్లల్ల ఏమున్నదో చూసినం సార్. ఏం లేదో చూడలే. ఈ ఇరవై రెండు అంగడి మొకం చూసిన నోట్లు గావు. కురుమయ్య ఇచ్చినయి గావు."

విజేందర్ అందుకున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే అందుకున్నాడు.

"అయితే ఎర్ర నోట్లు ఇరవై రెండు ముసలోడే ఇంట్ల దాసుకున్నడు మేడం! దొంగవి కలుపుకోని తెచ్చిండు!"

"అది గూడ నిజమే గదా?" అన్నాడు సీఐ.

"నిజమే సార్. నాక్కూడ అదే అనుమానమొచ్చింది." స్వర్ణ గొంతు పెరగలేదు. అది మరీ భయంగా ఉంది. "విజేందర్, పర్వతాలు నోటు ఒక్కటి గూడ నీ గల్లాల కలవలే. అంతేనా?"

"అంతే మేడం."

"గొర్రెలోళ్లు ఇంకెవరూ రాలే."

"రాలే. రాసిచ్చిన గద."

"కోమలా."

కోమల అంటించిన కవరు టేబుల్ మీద పెట్టింది. సాక్షుల సంతకాల మీదుగా స్వర్ణ దాన్ని చింపింది. మినీ బ్యాంకు గల్లాలోంచి రెండూ పదికి వచ్చిన పన్నెండు నోట్లు. ఐదు మామూలువి. ఏడింటి మీద ఎర్రటి వేలిముద్ర. ఏడింట్లోనూ అడ్డంగా తెల్ల గీత.

కురుమయ్య వంగి చూశాడు. "నా వేలే," అన్నాడు.

"నూటెనిమిదీ పోలీసులకిచ్చినోని గల్లాల ఈ ఏడెట్ల మొలిచినయి? మిషను కౌంటర్ మీద గాదు, కిందెందుకు పెట్టినవ్? వంగినప్పుడు చేతులు ఏం చేసినయి?"

విజేందర్ కుర్చీ అంచు పట్టుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"రోజూ ఒకటో రెండో మార్చి, కాలబెట్టుకోమని పంపుతుంటివి. ఇయ్యాల పెద్ద కట్ట కనపడ్డది, ఆశ పుట్టింది. వెనక నిలబడ్డామె ఫోన్ చేస్తదని అనుకోలే. చేసేసరికి నువ్వే పెద్దమనిషివై ఫిర్యాదు రాసినవ్."

"మేడం... వీళ్లు ఎప్పుడూ ఊకుండేటోళ్లే మేడం," అన్నాడు విజేందర్. అది తన తప్పు కాదన్నట్టు, వాళ్లే మాట తప్పినట్టు అన్నాడు.

నాలుగింటికి పది నిమిషాల ముందు షట్టరు గదిలో ఇన్వర్టర్ బ్యాటరీ వెనక ఎర్రముద్ర నోట్లు పదిహేనూ దొరికాయి. పక్కనే ఒక పాలిథిన్ సంచిలో మరో తొంభై దొంగ నోట్లున్నాయి.

సీఐ టోపీ సర్దుకున్నాడు. "ప్రెస్ మీట్ ఆపొద్దు. నిందితుడు మారిండు, అంతే." బయటికి వెళ్లి, నెల రోజులుగా తానే నిఘా పెట్టానని విలేఖరులకు చెప్పడం మొదలుపెట్టాడు.

లోపల బీరమ్మ టేబుల్ మీద పరిచిన నోట్ల వైపు చెయ్యి చాచింది. స్వర్ణ ఆపాల్సి వచ్చింది.

"ఇవి సాక్ష్యం అవ్వా. కోర్టు చెప్తేనే ఇయ్యాలె. సోమవారం నేనే దరఖాస్తు పెడ్త."

"దొంగ దొరికిండు. దొంగ నోట్లు దొరికినయి. మా నోట్లు గూడ దొరికినయి." బీరమ్మ చాచిన చెయ్యి తియ్యలేదు. "మరి మాకేం దొరికింది బిడ్డా?"

స్వర్ణ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది.

నర్సింహ కొత్త కాగితం తెచ్చాడు. పర్వతాలును వదిలేస్తున్నట్టు, పొద్దుటి వాంగ్మూలం తప్పని తేలినట్టు రాసి ఉంది. ఇంకు ప్యాడ్ ముందుకు జరిపాడు. పర్వతాలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"సదువు సారూ."

"గిది నిన్ను ఇడిసిపెట్టే కాగితమే..."

"పొద్దుగాల నేనొకటంటే నువ్వొకటి రాసినవ్. సదువు."

నర్సింహ నిలబడి చదివాడు. 'సదరు' అంటే ఏందని పర్వతాలు అడిగాడు. చెప్పాడు. మళ్లీ మొదటి నుంచి చదవమన్నాడు. చదివాడు.

బీరమ్మ అంతా విని తల అడ్డంగా ఊపింది. "కొట్టింది లేదేంది గిండ్ల?"

స్వర్ణ చప్పున తలెత్తింది. "కొట్టిన్రా?"

పర్వతాలు నేల చూపులు చూశాడు. బీరమ్మ లేచి అతని వీపు మీది గొంగడి తొలగించింది. చొక్కా చెమటతో ఒంటికి అంటుకుని ఉంది. దాన్ని పైకెత్తింది. వీపు మీద మూడు లాఠీ వాతలు. ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

"ముఠాల ఇంకెవరున్నరో చెప్పుమని కొట్టిన్రు," అన్నాడు పర్వతాలు. "నేను ఎవరి పేరు చెప్త మేడం? నా గొర్రెల పేర్లు చెప్పాల్నా?"

స్వర్ణకు ఒళ్లంతా మండిపోయింది. ఆ మంటలో సగం తన మీదే. వచ్చినప్పటి నుంచి నోట్లను ముందూ వెనకా తిప్పి చూసింది తప్ప, ఎదురుగా ఉన్న మనిషి వీపు ఎలా ఉందో చూడలేదు. కుర్చీకి వీపు ఎందుకు ఆనించలేదని కూడా అడగలేదు.

"రాయి," అంది నర్సింహతో.

"మేడం, గది రాస్తే..."

"రాయి. తర్వాత ఆయన్ని దవాఖానకు నేనే తీసుకపోత."

నర్సింహ కూర్చున్నాడు. కాగితం మీదికి వంగాడు. బయట సీఐ గొంతు మైకులో మోగుతోంది.

"ఎవరు కొట్టిన్రని రాయాలె మేడం?"

"నీ పేరు నీకు రాయరాదా?"

నర్సింహ పెన్ను మూత తీశాడు.